సంప్రదాయేతర ఇంధనాల భూవిజ్ఞానుల సంఘం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో నెలకోసారి కలిసే మా సంఘంలో సగం మంది గోదావరి లోయలో ఎక్స్‌ప్లొరేషన్ పని చేసి రిటైరైనవాళ్లు. మిగతా సగం లెక్చరర్లు, ఎమ్మెస్సీ జియాలజీ పిల్లలు. కాలేజీల్లో, ఫోన్లలో, పెళ్లిళ్లలో మమ్మల్ని పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాం.

సంప్రదాయేతర ఇంధనాలంటే సోలార్, గాలిమరలే కదా? అందులో జియాలజిస్టులకేం పని?

బడి పుస్తకాల్లో అలాగే చదువుకున్నాం కాబట్టి ఈ అనుమానం అందరికీ వస్తుంది. చమురు, గ్యాస్ రంగంలో మాత్రం ఆ మాటకు అర్థం వేరు. మామూలు గ్యాస్ పుట్టిన రాతిలోంచి మెల్లగా పైకి కదులుతుంది. గట్టి రాతిపొర అడ్డుపడితే దాని కింద పోగవుతుంది. అక్కడ బావి వేస్తే తన ఒత్తిడితో తానే బయటికొస్తుంది. అలా తనంతట తాను రానిదాన్నే సంప్రదాయేతరం అంటాం. బొగ్గు పొరను అంటిపెట్టుకుని ఉండే మీథేన్, బురద గట్టిపడి ఏర్పడిన షేల్ అనే రాయి తనలో పుట్టినా వదలని షేల్ గ్యాస్, సముద్రం అడుగున మంచుగడ్డలా ఉండే గ్యాస్ హైడ్రేట్లు, తారులా చిక్కబడిన చమురు ఇసుక ఈ కోవలోకి వస్తాయి. భూగర్భంలోని వేడి, యురేనియం కూడా ఇలాంటి సంఘాల పరిధిలోవే. వీటన్నిటికీ ముందు రాయి తెలియాలి. మా పని అదే.

దీనికి వేరే సంఘం ఎందుకు? ఉన్నవి చాలవా?

మన దేశంలో మంచి సంఘాలున్నాయి. బెంగళూరు కేంద్రంగా జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958 నుంచి నడుస్తోంది. హైదరాబాద్‌లో ఇండియన్ జియోఫిజికల్ యూనియన్, మైనింగ్ ఇంజినీర్స్ అసోసియేషన్ ఉన్నాయి. మేం వాటికి పోటీ కాదు. మాలో చాలామంది వాటిలోనూ సభ్యులే.

వేరే సంఘం అవసరం ఎలా పుట్టిందో తెలియాలంటే అమెరికా సంగతి చూడాలి. అక్కడ పెట్రోలియం జియాలజిస్టుల సంఘం 1917లోనే ఏర్పడింది. 1973-74లో చమురు ధర నాలుగింతలైంది. బొగ్గు, యురేనియం, భూతాపం, ఆయిల్ షేల్ ఇవన్నీ ఒక్కసారిగా ముఖ్యమైపోయాయి. 1977లో ఆ సంఘమే ఎనర్జీ మినరల్స్ డివిజన్ పేరుతో ప్రత్యేక విభాగం పెట్టుకుంది. బొగ్గుకో కమిటీ, షేల్‌కో కమిటీ, యురేనియానికో కమిటీ పెట్టి, ఏ వనరు ఎక్కడిదాకా వచ్చిందో రిపోర్టులు రాసే పద్ధతి పెట్టారు.

అసలు కారణం ఇంకా చిన్నది. పెట్రోలియం జియాలజిస్టుకు రాతిలో ఖాళీ ఎంత, గ్యాస్ అందులో ఎలా కదులుతుంది అన్నది తెలుసు. బొగ్గు జియాలజిస్టుకు పొర మందం, బూడిద శాతం తెలుసు. బొగ్గులోని గ్యాస్ కావాలంటే ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. మన దగ్గర వాళ్లిద్దరి ఆఫీసులు వేరు, మంత్రిత్వ శాఖలు కూడా వేరు. సాయంత్రం టీ తాగుతూ మాట్లాడుకునే చోటన్నా ఒకటి ఉండాలని మా ఆశ.

వరంగల్ కింద బొగ్గు గానీ గ్యాస్ గానీ ఉందా?

మాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. లేదు. ఎందుకు లేదో పద్మాక్షి గుట్ట ఎక్కితే కళ్లకే కనిపిస్తుంది. కాలి కింద ఉన్నది గ్రానైట్, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అది కరిగిన రాతి ద్రవం గడ్డకట్టి ఏర్పడింది. చెట్లు అప్పటికి భూమ్మీద పుట్టనే లేదు. చెట్లే లేని కాలపు రాయిలో బొగ్గు వెతకడం దండగ.

ఇక్కణ్ణుంచి పరకాల మీదుగా భూపాలపల్లి వైపు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. బండలు, గుండ్లు తగ్గిపోతాయి. నేల రంగు మారుతుంది. ఇసుకరాయి మొదలవుతుంది. అది గోండ్వానా రాయి, అంటే గ్రానైట్ కన్నా ఎంతో తర్వాత ఇసుక, మట్టి పేరుకుని గట్టిపడ్డ పొరలు. అక్కడ నేల పొడుగాటి తొట్టిలా కుంగి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ప్రాణహిత-గోదావరి లోయగా ఏర్పడింది. అడుగున హిమానీనదాలు తెచ్చిపోసిన తాల్చీర్ రాళ్లుంటాయి. వాటి పైన బరాకర్ పొరల్లో మన బొగ్గు ఉంటుంది. రామగుండం, మందమర్రి, భూపాలపల్లి, మణుగూరు అన్నీ ఈ తొట్టిలోవే. ఆ బొగ్గు పెర్మియన్ కాలంనాటి, అంటే సుమారు 25-30 కోట్ల ఏళ్ల కిందటి అడవి. ఇంకా పైన ఉండే కోటా పొరల్లో డైనోసార్ ఎముకలు దొరికాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ మన లోయదే. పిల్లలతో వెళ్తే తప్పక చూపించండి.

నర్సంపేట దగ్గరి పాకాల చెరువు చూశారుగా? ఈ లోయ అంచున ఉండే ఇంకా పాత రాళ్లకు ‘పాఖాల్’ అనే పేరు ఆ చెరువు నుంచే వచ్చింది. ప్రపంచంలో ఏ జియాలజిస్టు ఈ రాళ్ల గురించి రాసినా మన చెరువు పేరు రాయాల్సిందే.

బొగ్గులో గ్యాస్ ఎక్కడ ఉంటుంది? దాన్ని ఎలా కొలుస్తారు?

బొగ్గు చేతికి గట్టిగా తగులుతుంది కానీ లోపలంతా కంటికి కనిపించని రంధ్రాలే. ఒక్క గ్రాము బొగ్గులోని ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే వంద చదరపు మీటర్లు దాటొచ్చు. ఆ గోడలకు మీథేన్ అణువులు అతుక్కుని ఉంటాయి. దీన్నే పుస్తకాల్లో అధిశోషణం అంటారు. పైనున్న నీటి ఒత్తిడి వాటిని కదలనివ్వదు. బావి వేసి ఆ నీళ్లు తోడేస్తే ఒత్తిడి తగ్గుతుంది, గ్యాస్ గోడను వదిలి సన్నటి పగుళ్ల వెంట బయటికొస్తుంది. అందుకే ఈ బావుల్లో మొదట నెలల తరబడి వచ్చేది నీళ్లే.

కొలవడం ఓపికతో కూడిన పని. బోరు వేసే రిగ్గు దగ్గర, రాతిని కడ్డీలా కోసి తెచ్చే గొట్టాన్ని (కోర్ బారెల్) పైకి లాగడం మొదలైన క్షణంలోనే స్టాప్‌వాచ్ నొక్కాలి. బొగ్గు పైకొచ్చే దారిలోనే గ్యాస్ వదులుతూ ఉంటుంది. ఆ రాతి కడ్డీ, అంటే కోర్, చేతికందగానే తుడిచి, అల్యూమినియం క్యానిస్టర్‌లో పెట్టి, మూత బిగించి, పొర ఉన్న లోతులో ఎంత వేడి ఉంటుందో అంత వేడి నీళ్ల తొట్టిలో ఉంచాలి. క్యానిస్టర్ నుంచి వచ్చే గొట్టాన్ని నీళ్లలో బోర్లించిన కొలజాడీలోకి పెడతాం. బుడగ బుడగగా గ్యాస్ చేరేకొద్దీ జాడీలో నీటిమట్టం దిగుతుంది. మొదటి గంటలో కొన్ని నిమిషాలకోసారి, తర్వాత గంటకోసారి, ఆ తర్వాత రోజుకోసారి రీడింగ్ రాయాలి. కొన్ని కోర్లు వారాల తరబడి వదులుతూనే ఉంటాయి. చివరికి మిగిలినదాన్ని పిండి చేసి ఆఖరి గ్యాస్ కొలుస్తాం. పైకొచ్చేలోపు పోయినదాన్ని మొదటి రీడింగుల గ్రాఫ్ నుంచి అంచనా కడతాం. ఈ మూడూ కలిపితే ఆ బొగ్గులో ఉన్న గ్యాస్ తేలుతుంది.

ఇది రాస్తున్న నాకు ఒక రాత్రి ఇప్పటికీ గుర్తుంది. కోర్ తెల్లవారుజామున మూడింటికి వచ్చింది. మూత కింది రబ్బరు రింగు మీద బొగ్గుపొడి ఉండిపోయింది, నేను చూడలేదు. పొద్దున్నే చూస్తే జాడీలో మట్టం కదల్లేదు, గ్యాస్ అంతా బయటికే పోయింది. రిజిస్టర్‌లో ‘లీకు, ఈ లెక్క తీసుకోవద్దు’ అని రాశాను. అప్పుడు నేను పనిచేసిన కంపెనీలో పైఅధికారి పక్క బోరు అంకె వేసేయమన్నారు, ఖాళీ గడి కనిపిస్తే క్లయింట్ ప్రశ్నలు వేస్తాడని ఆయన టెన్షన్. నేను వేయలేదు. వేసి ఉంటే ఆ అంకె ఈపాటికి ఎన్ని మ్యాపుల్లోకి ఎక్కేదో! సభ్యత్వం ఇచ్చేటప్పుడు మేం అడిగే ఒక్క ప్రమాణం ఇదే: చూడనిది రాయకూడదు, చూసింది దాచకూడదు.

మరి మన గోదావరి లోయలో బొగ్గు గ్యాస్ ఎందుకు తీయడం లేదు?

1997లో కేంద్రం బొగ్గు మీథేన్ విధానం తెచ్చింది. బెంగాల్‌లోని రాణీగంజ్‌లో 2007లో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. మధ్యప్రదేశ్‌లోని సోహాగ్‌పూర్ తర్వాత తోడైంది. వేలం వేసిన బ్లాకుల్లో గోదావరి లోయవీ ఉన్నాయి కానీ ఇక్కడ వాణిజ్య ఉత్పత్తి రాలేదు.

ప్రధాన కారణం బొగ్గు పక్వతే. బొగ్గు ఎంత లోతున, ఎంత వేడిలో ఉడికితే అంత మీథేన్ పుడుతుంది. ఝార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు బాగా ఉడికింది. మనది కరెంటు ప్లాంట్లకు సరిపోయే, అంతగా ఉడకని, బూడిద ఎక్కువున్న రకం. బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లకు ఇది వేరే రూపంలో తెలుసు. సింగరేణి గనుల్లో ఎక్కువ భాగం గ్యాస్ తక్కువగా ఉండే మొదటి డిగ్రీ గనులు. అంటే టన్ను బొగ్గు తీస్తే ఒక ఘనపు మీటరు గ్యాస్ కూడా రానివి. కార్మికుడి ప్రాణానికి అది ఎంతో మేలు. గ్యాస్ వ్యాపారికి మాత్రం అది చేదు వార్త.

అయితే ఇప్పటి గనులున్న లోతు వేరు, లోయ మధ్యలో బొగ్గు దిగిపోయిన లోతు వేరు. అక్కడ పడ్డ బోర్లు తక్కువ. అందుకే ‘లేదు’ అనీ ‘బోలెడుంది’ అనీ రెండూ అనం.

షేల్ గ్యాస్ కోసం ఇక్కడ ఫ్రాకింగ్ చేస్తారా? మా బోర్లు ఎండిపోతాయా?

ఫ్రాకింగ్ అంటే బావిలోకి గట్టి ఒత్తిడితో నీళ్లు, ఇసుక, రసాయనాలు పంపి లోతున రాతిని పగలగొట్టడం. మన దేశంలో షేల్ గ్యాస్ తొలిసారి బయటికొచ్చింది 2011 జనవరిలో, దుర్గాపూర్ దగ్గర ఓఎన్‌జీసీ వేసిన బావిలో. 2013లో ప్రభుత్వ చమురు కంపెనీలకు షేల్ విధానం వచ్చింది. ఖంభాత్, కృష్ణా-గోదావరి, కావేరి బేసిన్ల మీదే దృష్టి పెట్టారు. మన ప్రాణహిత-గోదావరి లోయ ఆ వరుసలో ముందు లేదు.

నీళ్ల భయం మాత్రం న్యాయమైనదే. ఒక్క బావిలో అలా రాతిని పగలగొట్టడానికి కోటి లీటర్లకు పైగా నీళ్లు పట్టడం మామూలు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే రెండు వేలు. మార్చి దాటితే బోరు మోటరు గాలి పీల్చే ఊళ్లలో ఈ లెక్క చెప్పకుండా షేల్ గురించి మాట్లాడటం తప్పు. లోతున పగుళ్లు వేసినంత మాత్రాన మీ రెండు వందల అడుగుల బోరులోకి రసాయనాలు వచ్చేస్తాయని కూడా మేం చెప్పం. మధ్యలో కిలోమీటరుకు పైగా రాయి ఉంటుంది. పెద్ద ప్రమాదం బావి చుట్టూ పోసిన సిమెంటు సరిగా లేనప్పుడు, పైకి తిరిగొచ్చిన ఉప్పునీళ్లు వాగులో వదిలినప్పుడు వస్తుంది. ఎవరైనా మీ ఊరికొస్తే ముందు అడగాల్సినవి ఆ రెండే: సిమెంటు ఎవరు తనిఖీ చేస్తారు, ఆ నీళ్లు ఎక్కడ పోస్తారు?

మణుగూరులో వేడినీళ్లతో కరెంటు తీస్తున్నారట, నిజమేనా?

నిజమే. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు వాటంతటవే పైకొస్తాయి. అక్కడ సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. ఆ నీళ్లు ఆవిరయ్యేంత వేడి కాదు. అందుకని ఆ వేడిని తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే ఇంకో ద్రవానికి అందిస్తారు. దాని ఆవిరి టర్బైన్ తిప్పుతుంది, చల్లబడి మళ్లీ ద్రవమవుతుంది, మళ్లీ తిరుగుతుంది.

20 కిలోవాట్లంటే ఐదు హెచ్‌పీ మోటర్లు ఐదు నడిచేంత. చాలామంది ‘ఇంతేనా’ అంటారు. నాకైతే ఇది లోయలో జరిగిన మంచి పనుల్లో ఒకటి. వేడి ఎక్కడిదో, నీళ్లు ఏ పగులు వెంట అంత లోతు వెళ్లి తిరిగొస్తున్నాయో చెప్పగలిగితే తర్వాతి బోరు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. పెద్ద మిషనుకన్నా ముందు కావలసింది ఆ రాతి పగుళ్ల మ్యాపు.

గ్యాస్ హైడ్రేట్ల మీద కూడా మాట్లాడతారా? మనకు సముద్రం లేదు కదా?

మాట్లాడతాం. 2006లో, 2015లో జాతీయ కార్యక్రమం కింద చేసిన డ్రిల్లింగ్‌లో కృష్ణా-గోదావరి తీరం దగ్గర లోతు సముద్రంలో హైడ్రేట్లు దొరికాయి. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే సుమారు 160 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. ఆ హైడ్రేట్లున్న సముద్రపు అడుగు బురద అంతా తరతరాలుగా మన నదులు మోసుకెళ్లినదే. తీయడం మాత్రం ప్రపంచంలో ఎవరికీ ఇంకా వాణిజ్యంగా కుదరలేదు.

యురేనియం తవ్వకానికి మీరు అనుకూలమా, వ్యతిరేకమా?

సంఘంగా ఏ పక్షమూ లేదు. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆ నిర్ణయం ప్రజలది. మేం చేయగలిగింది అడిగినవాళ్లకు రాయి ఎలాంటిదో, నీళ్లు ఎటు పారతాయో అర్థమయ్యేలా చెప్పడం. ప్రాజెక్టు కంపెనీ దగ్గర జీతం తీసుకునే సభ్యుడు ఆ విషయం మీద మాట్లాడే ముందు ఆ సంగతి లేచి చెప్పాలి. ఇది రాసిపెట్టుకున్న నియమం.

పేపర్లో ‘300 ఏళ్లకు సరిపడా బొగ్గు’ అని వస్తుంది. నమ్మాలా?

ఆ లెక్క ఎలా వస్తుందో చూడండి. తెలంగాణలో బొగ్గు వనరులు 2,200 కోట్ల టన్నులకు పైనే అంటారు. సింగరేణి ఏటా తీసేది సుమారు 7 కోట్ల టన్నులు. భాగిస్తే మూడు వందలు దాటుతుంది. భాగహారం తప్పు కాదు, పై అంకె అర్థమే వేరు.

అది వనరు. అందులో దగ్గర దగ్గరగా బోర్లు వేసి నిరూపించినది ఉంది, దూరంగా వేసిన బోర్లను బట్టి సూచించినది ఉంది, కేవలం ఊహించినదీ ఉంది. నిల్వ అంటే ఆ వనరులోంచి లాభంగా, చట్టప్రకారం, ప్రమాదం లేకుండా పైకి తేగలిగింది. కొంత బొగ్గు అడవి కింద ఉంది, కొంత ఊళ్ల కింద, కొంత ఏ బాయీ వెళ్లలేనంత లోతున ఉంది. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా పిల్లర్లు వదిలేస్తాం, అదీ బొగ్గే. ఇంట్లో బీరువా ఉంది, అందులో ఏదో ఉందని తాత చెప్పాడు, తాళంచెవి లేదు. ఆ బీరువాను చూపించి ఎవరైనా అప్పిస్తారా?

బొగ్గు గ్యాస్, షేల్ విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. అక్కడ మొత్తం అంకె ఎప్పుడూ భారీగా ఉంటుంది, బావిలోంచి వచ్చేది దానిలో చిన్న ముక్క. షేర్లు అమ్మేవాళ్లు ఎప్పుడూ పెద్ద అంకే చెబుతారు. అందుకే మా మీటింగుల్లో ఎవరు అంకె చెప్పినా ‘వనరా, నిల్వా?’ అని వెనక బెంచీ నుంచి అడిగే అలవాటు పిల్లలకు చేశాం. ఇప్పుడు వాళ్లు మమ్మల్నే అడుగుతున్నారు.

ఎవరు చేరవచ్చు?

జియాలజీ, జియోఫిజిక్స్, మైనింగ్, కెమిస్ట్రీ చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు. డిప్లొమా చాలు. రిగ్గు డ్రిల్లర్లు, గనుల్లో సర్దార్లు కూడా రావచ్చు. కోర్ పైకొచ్చేటప్పుడు బురద రంగు మారితే జియాలజిస్టుకన్నా ముందు కనిపెట్టేది డ్రిల్లరే. విద్యార్థులకు రుసుము లేదు. ఏ రాజకీయ పార్టీ మీటింగుకూ మా బ్యానర్ రాదు.

అమ్మాయిలకు ఈ రంగంలో చోటుందా? ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

ఉంది. 2019 జనవరి దాకా ఆడవాళ్లు భూగర్భ గనిలో పనిచేయడానికి చట్టమే ఒప్పుకునేది కాదు. ఇప్పుడు రాతపూర్వక సమ్మతి, భద్రత ఏర్పాట్లతో పనిచేయవచ్చు. ఇంట్లోవాళ్లకు భయముంటే ఒకసారి అమ్మానాన్నల్ని కూడా మా ఫీల్డ్ ట్రిప్‌కు తీసుకురండి. ఇప్పటికి ఇద్దరు నాన్నలు వచ్చారు. ఒకాయన సాయంత్రానికి అమ్మాయికన్నా ఎక్కువ రాళ్లు సంచిలో వేసుకున్నారు.

చేరితే ఉద్యోగం వస్తుందా?

మేం ఇప్పించలేం. యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్షకు చదివే పిల్లలకు సీనియర్లు ఆదివారాలు పాఠం చెబుతారు. కోర్ లాగింగ్, అంటే కోర్‌ను చూసి పొరల వివరాలు రాయడం, నేర్పుతాం. లెన్స్ పట్టుకుని ఇసుకరాయిలో రేణువు పరిమాణం చెప్పగలిగినవాడికి ఇంటర్వ్యూలో తడబాటు ఉండదు. కొత్తగూడెం మైనింగ్ కాలేజీ 2025లో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది కాబట్టి ఈ జిల్లాల పిల్లలకు అవకాశాలు పెరుగుతాయని మా నమ్మకం.

మీటింగులు ఇంగ్లిష్‌లోనా?

తెలుగులో. పదం తెలుగులో లేకపోతే ఇంగ్లిష్ పదమే వాడతాం, సిగ్గేం లేదు. ‘క్లీట్’ అనే మాటకు తెలుగు వెతుకుతూ అరగంట పోగొట్టుకోవడంకన్నా, బొగ్గు ముక్క చేతికిచ్చి ఆ సన్నటి పగుళ్లు చూపించడం మేలు.

మా పొలంలో బోరు నుంచి బుడగలు వస్తున్నాయి. గ్యాసేనా?

చాలాసార్లు అది నీళ్లతో వచ్చే గాలే. అయినా దయచేసి అగ్గిపుల్ల గీసి చూడకండి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. వాసన రాదు కాబట్టి ముక్కుతో తేల్చుకోలేరు. మోటరు గది తలుపులు తెరిచిపెట్టండి, లోపల బీడీ కాల్చనివ్వకండి, మండల ఆఫీసులో చెప్పండి. గోదావరి లోయ గ్రామాలైతే మాకూ చెప్పండి, మీటరు తీసుకుని వస్తాం.

రిటైరయ్యాను. పాత ఫీల్డ్ నోట్‌బుక్కులు ఇంట్లో ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తాయా?

అన్నిటికన్నా మాకు కావలసినవి అవే. కంపెనీ బోరు డేటా కంపెనీదే, దాన్ని మేం తీసుకోం. కానీ మీరు వాగుల వెంట తిరిగి గీసుకున్న స్కెచ్చులు, రాతిపొర ఎటు ఎంత వాలిందో రాసుకున్న అంకెలు, ‘ఇక్కడ ఏమీ దొరకలేదు’ అని రాసిన పేజీలు మాకివ్వండి. ఆ చివరి రకం పేజీలు ఏ పత్రికలోనూ అచ్చుకావు. అవి లేక కొత్తవాళ్లు అదే వాగులో అదే వెతుకులాట మళ్లీ మొదలుపెడతారు. మీరు అప్పుడు చూసిన బండలు కొన్ని ఇప్పుడు ఓపెన్‌కాస్ట్‌లో పోయాయి, కొన్ని బ్యారేజీ నీళ్ల కింద ఉన్నాయి. వాటిని చూసిన కళ్లు మీవే.

అట్టపెట్టెలో ఉంటే ఇవాళే తీసి చెదలున్నాయేమో చూడండి. ఎండలో ఆరబెట్టకండి, పెన్సిల్ రాత నిలుస్తుంది కానీ సిరా వెలిసిపోతుంది. ఫోటోలు తీయడానికి మా పిల్లలు మీ ఇంటికే వస్తారు. వాళ్లు పేజీ తిప్పుతుంటే పక్కన కూర్చుని ఏ వాగు ఏదో చెప్పండి, వాళ్లు రాసుకుంటారు.